గౌరి పాకలో వాషింగ్ మిషను

పిలిస్తే పలకకపోవడం మా అక్కయ్యకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. రాజమండ్రి ఇన్నీసుపేటలో మేం పెరిగిన ఇంటి పెరట్లో ఒక జామచెట్టుండేది. సందు దొరికితే దానెక్కి కూర్చునేది. అమ్మ "వరహాలూ! ఒసే వరహాలక్ష్మీ!" అని గొంతు చించుకుంటున్నా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నేనేమో చెట్టు కింద నిలబడి "ఇక్కడే ఉందే అమ్మా!" అని అరిచేవాణ్ని. దిగొచ్చి నా వీపు విమానం మోత మోగించేది. పోనీ జామకాయలు కోసుకుంటుందా అంటే అదీ లేదు. ఊరికే కూర్చునేది.

అలాంటి మనిషిని పదిహేడో ఏట చలపతి బావగారికిచ్చి, ద్రాక్షారామానికి నాలుగైదు మైళ్ల అవతల చినపాలపర్రు అనే ఊరికి పంపించారు. బావగారు అక్కడి వేణుగోపాలస్వామి గుడిలో అర్చకులు. బంగారం లాంటి మనిషి. కానీ అది ఇల్లా? సత్రం. భీమేశ్వరుణ్ని చూడ్డానికి వచ్చిన చుట్టాలు అక్కడే దిగుతారు. అన్నవరం వెళ్లి వ్రతం చేసుకొచ్చిన చుట్టాలు అక్కడే దిగుతారు. ఏ కారణం లేనివాళ్లు కూడా, కాలవగట్టు మీద బస్సు ఆగింది కదా అని దిగుతారు. "వదినా, కాఫీ", "పిన్నీ, తువ్వాలు", "వరహాలూ, నా కళ్లజోడు చూశావా?" పొద్దున లేచింది మొదలు ఇదే పాట. ఇద్దరాడపిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసినా, ఆ ముప్ఫై ఏళ్లలో నేను వెళ్లినప్పుడల్లా ఆవిడ ఒక చోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు.

ఒక్క పొద్దుటి పూట మాత్రం లెక్క వేరు. తెల్లవారకముందే స్నానం చేసి మడి కట్టుకునేది. మడంటే ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ముందురోజు తన చేత్తో ఉతికి, ఇంకెవరి చెయ్యీ తగలకుండా ఎత్తయిన దండెం మీద ఆరేసుకున్న చీర కట్టుకుని స్వామికి నైవేద్యం వండాలి. ఆ చీరలో ఉన్నంతసేపు ఆవిణ్ని ఎవరూ ముట్టుకోకూడదు, దగ్గరికి పోకూడదు, వంటింటి గడప తొక్కకూడదు. బావగారు నైవేద్యం గిన్నె గుడికి పట్టుకెళ్లాక, అదే మడిలో నూతి దగ్గర మర్నాటి చీర ఉతికి, పిండి, కర్రతో దండెం మీదికి ఎత్తి, అప్పుడు మళ్లీ అందరికీ అందే మనిషయ్యేది. నేను బ్యాంకులో చేరిన కొత్తలో నాలుగు పుస్తకాలు చదివేసి "ఇదంతా చాదస్తం అక్కయ్యా" అని వాదించేవాణ్ని. ఆవిడ నవ్వేది. మర్నాడు మళ్లీ కర్ర పట్టుకుని దండెం కింద నిలబడేది.

తొంభై తొమ్మిది కార్తీకంలో ఆవిడ కుడి భుజం పట్టేసింది. చెయ్యి భుజం దాటి పైకి లేవదు. రామచంద్రపురం డాక్టరు చూసి, బిగుసుకుపోయిందన్నాడు. బట్టలు పిండకూడదు, నీళ్లు తోడకూడదు, బరువులెత్తకూడదు, బాగవడానికి ఏడాదైనా పట్టవచ్చు అన్నాడు. అక్కయ్య బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి చీర ఉతికింది. ఉతికింది గానీ పిండలేదు కదా. నీళ్లోడే చీరను ఎలాగో దండెం మీదికి తోస్తే, ఆ ముసురులో అది ఆరేదెప్పుడు? మర్నాడు ఆ తడిచీరే కట్టుకుని వండేది. దగ్గు పట్టుకుంది.

పోనీ నేనుతుకుతానని పాపం బావగారు ఒకరోజు నూతి దగ్గరికి బయల్దేరారు. ఎనభై ఏళ్ల వాళ్లమ్మ, సుబ్బాయమ్మగారు, కొట్టినంత పని చేసింది. "అర్చకుడివి! పెళ్లాం చీర ఉతికిన చేత్తో స్వామికి అభిషేకం చేస్తావుట్రా?" అందిట. ఆయన చెంబు అక్కడే పెట్టి వెనక్కి వచ్చేశారు.

ఆ సాయంత్రమే ఎస్టీడీ బూతు నుంచి నాకు ఫోన్ చేశారు.

"భాస్కరం, మీ అక్కయ్య నా మాట వినడం లేదోయ్. ధనుర్మాసం వచ్చేస్తోంది. నెల్లాళ్లు చీకటితో లేచి పొంగలి వండాలి. ఆ చలిలో తడిబట్టతో నిలబడితే మనిషి దక్కదు. పక్కింటి మా దేవకుమారి మడిగా వండి ఇస్తానంటోంది. ఈ నెలపట్టే లోపల ఏదో ఒకటి తేల్చాలి. నువ్వొచ్చి చెప్పు."

దేవకుమారి ఆయన పెదనాన్నగారి కోడలు. మంచి పిల్లే. సరే, నాకూ ఆ మాటే సబబనిపించింది. మొదటి బస్సుకు వెళ్లి అక్కయ్యను పెరట్లోకి పిలిచి కూర్చోబెట్టాను.

"మానెయ్యవే అక్కయ్యా. ముప్ఫై ఏళ్లు వండావు. దేవకుమారి వండితే స్వామి తినడా?"

"తింటాడ్రా. స్వామికేం లోటు?" అంది. కాసేపు ఎడంచేత్తో కుడి భుజం రాసుకుంటూ కూర్చుంది. "ఆ పొద్దుటి పూట నన్నెవరూ పిలవరు భాస్కరం. కాఫీ అడగరు, కళ్లజోడడగరు. పిల్లలు చంటివాళ్లప్పుడు కూడా, అమ్మ మడిలో ఉందిరా అంటే గడప అవతలే ఆగిపోయేవాళ్లు. పొయ్యి దగ్గర నేనూ, ఉడికే అన్నం. అంతే. మిగతా రోజంతా అందరిదీ. ఆ గంటే నాది. అదీ ఇచ్చెయ్యమంటున్నావు."

కళ్లనీళ్లు పెట్టుకుంది. ముప్ఫై ఏళ్లలో ఆ ఇంట్లో ఆవిడ కంట తడి చూడటం నాకదే మొదలు. నాకు జామచెట్టు గుర్తొచ్చింది. ఇంకేం చెబుతాను, నా మొహం! ఆ సాయంత్రం బస్సులోనే నిశ్చయించుకున్నాను. మర్నాడు రాజమండ్రి మెయిన్ రోడ్డులో వాషింగ్ మిషను కొన్నాను. పక్కపక్కన రెండు తొట్లు ఉంటాయి. ఒకదాన్లో ఉతుకుతుంది, రెండోదాన్లో గిర్రున తిప్పి నీళ్లన్నీ పిండేస్తుంది. ఆ పిండేది చాలు మాకు.

మిషనైతే వ్యానులో వచ్చి వీధరుగు మీద దిగింది. ఎక్కడ పెట్టాలన్న దగ్గర నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ ఇంట్లో మడి విషయంలో తీర్పు చెప్పేది సుబ్బాయమ్మగారు. ఆవిడ కర్ర పట్టుకుని వచ్చి మిషను చుట్టూ ఒకసారి తిరిగి, కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"వెనక వరండాలో పెడదామా అత్తయ్యగారూ? నీళ్లకి దగ్గర" అన్నాను.

"వద్దు. అది వంటింటి గోడ. ఉతికిన నీళ్లు చిమ్ముతాయి. వంటింటి ఛాయలకి రాకూడదది."

"పోనీ స్నానాల గదిలో?"

"అందరూ మైలబట్టలు విప్పేది అక్కడే కదా? నీ బుద్ధేమైంది?"

"నూతి చప్టా మీద?"

"వానకి తడిసి చావదూ? తెచ్చినవాడివి, ఆ మాత్రం తెలీదా?"

నాకు ఒళ్లు మండింది. "అయితే నా నెత్తిన పెట్టండి!" అన్నాను.

"నీ నెత్తి మడి కాదు" అంది ఆవిడ.

అక్కయ్య స్తంభం చాటుకు వెళ్లి నవ్వుకుంటోంది. ముసలావిడ మాత్రం నవ్వలేదు. కర్ర తాటించుకుంటూ లేచి, నూయి దాటి, అరటిచెట్లు దాటి, పెరటి చివరికంటా నడిచింది. వెనక మేమందరం. అక్కడ గౌరి పాక ఉంది. గౌరి వాళ్లింటి ఆఖరి ఆవు. అది పోయాక మళ్లీ ఆవును తేలేదు. మూడు పక్కల గోడలు, పైన పెంకులు, లోపల కొబ్బరి డొక్కలు, ఎండుకమ్మలు. దూలానికి గౌరి పలుపుతాడు ఇంకా వేలాడుతోంది.

"ఇక్కడ" అంది. "ఆవు నిలబడ్డ చోటు కంటే మడి ఎక్కడుంటుంది?"

"ఇంటికి ఇంత దూరమా! వైరు లాగాలి, పైపు లాగాలి…"

"లాగు. ఈ నాలుగో పక్కకి తలుపు పెట్టించు."

"మిషనుకి తలుపెందుకండీ? అదెక్కడికి పారిపోతుంది?"

"కుక్కలొస్తాయి."

"కుక్కలొచ్చి బట్టలుతుక్కుంటాయా?"

"తలుపు పెట్టించమన్నానా లేదా? గడియ లోపలి వైపు ఉండాలి."

లోపలి గడియతో బయటి కుక్కల్ని ఎలా ఆపుతారో అడగబోయాను. అక్కయ్య కళ్లతోనే వద్దని సైగ చేసింది.

రామచంద్రపురం నుంచి త్రిమూర్తులు అనే ఎలక్ట్రీషియన్ను పిలిపించాను. మిషన్లు బిగించడంలో చెయ్యి తిరిగినవాడు. సెలవు పెట్టి నేనూ అక్కడే మకాం వేశాను. డొక్కలన్నీ బయట పడేసి, పాక కడిగించి, సున్నం వేయించాను. త్రిమూర్తులు ఇంటి నుంచి వైరు లాగాడు. ఎర్తు గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ వేశాడు. ట్యాంకు నుంచి పైపు తెచ్చి కుళాయి పెట్టాడు. పనికిరాకుండా పడి ఉన్న నూతి గిలక తీసుకొచ్చి నేనే దండేనికి అమర్చాను. తాడు వదిలితే దండెం కిందికి దిగుతుంది, చీర వేసి ఎడంచేత్తో లాగితే పైకి పోతుంది. నా జన్మలో నేను చేసిన వడ్రంగం అదొక్కటే, చెప్పుకోవద్దూ!

అంతా అయిందనుకునేసరికి ముసలావిడకు కొత్త అనుమానం వచ్చింది.

"ఏవయ్యా త్రిమూర్తులూ, అది తిరగడానికి లోపల పట్టా ఉంటుందిట కదా. తోలుదా?"

తోలైతే కొంప మునిగినట్టే. తోలు తగిలింది మడికి పనికిరాదు.

"రబ్బరండి, ఆయ్" అన్నాడు త్రిమూర్తులు.

"చూపించు."

పాపం, వెనక రేకు విప్పి చూపించాడు. ఆవిడ వంగి చూసింది.

"నల్లగా ఉంటే రబ్బరని నమ్మాలా? కాల్చు. వాసన చూస్తాను."

"కొత్త మిషనండి బాబూ!" అని త్రిమూర్తులు లబోదిబోమన్నాడు. చివరికి తన సంచీలోంచి అలాంటిదే పాత బెల్టు ఒకటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి ఒకటేనని చూపించి, పాతదాని కొసకు అగ్గిపుల్ల వెలిగించాడు. గుప్పున కంపు కొట్టింది. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చి, "రబ్బరే" అని ఒప్పుకుంది.

"మరి కరెంటు సంగతేంటండీ?" అన్నాను, ఉండబట్టలేక.

"కరెంటు అగ్నే కదరా. అగ్నికి మైలేంటి?" అంది, ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టు. "ఇదుగో, అందరూ వినండి. ఇందులో వరహాలు మడిచీరా, చలపతి మడిపంచె తప్ప ఇంకోటి పడకూడదు. మీట కూడా అది మడిలో ఉండి తిప్పాల్సిందే."

"ఇంత మిషనూ ఒక చీరా ఒక పంచె కోసమా!"

"దేవుడి గిన్నెలో మన పప్పు వండుకుంటామా?"

ఆవిడతో పెట్టుకోవడం నాదే బుద్ధితక్కువ. సరేనన్నాను.

ధనుర్మాసం రేపనగా ముహూర్తం పెట్టారు బావగారు. మిషనుకు పసుపు రాశారు, బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు. ఇంతవరకూ బాగానే ఉంది. దానికి కింద నాలుగు చక్రాలున్నాయి కదా. అవి చూసి ఆయన "చక్రాలుంటే వాహనమేనోయ్, నిమ్మకాయలు తొక్కించాలి" అన్నారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గొడ్లపాక నేల చదునుగా ఉండదు, నీళ్లు పోవడానికి గుమ్మం వైపు వాలుగా కడతారు. అందుకే త్రిమూర్తులు చక్రాలకు అడ్డంగా ఇటుకలు పెట్టాడు. నిమ్మకాయలు పెట్టడానికి ఆ ఇటుకలు తీశారు. మిషన్ను అంగుళం ముందుకు తోశారు. నాలుగు నిమ్మకాయలూ చితికాయి. కొబ్బరికాయ కొట్టారు. ఇటుకలు మళ్లీ పెట్టాలని ఒక్కడికైనా తోచాలా వద్దా? పాతికేళ్ల సర్వీసున్న నాకు తోచలేదు. త్రిమూర్తులు కొబ్బరిచెక్క నములుతూ నిలబడ్డాడు.

అక్కయ్య మడిలో వచ్చి, దూరంగా జరగమని, చీర తొట్లో వేసి మీట తిప్పింది. ఉతికింది. బ్రహ్మాండంగా ఉతికింది. నీళ్లు అరటిచెట్లలోకి పోయాయి. ఎడంచేత్తో చీర తీసి పిండే తొట్లో వేసి, మూత మూసి, రెండో మీట తిప్పింది.

మొదట రొద చేసింది. తర్వాత వణికింది. తర్వాత దండా బొట్లతో సహా గుమ్మం వైపు బయల్దేరింది!

"అయ్యయ్యో, పట్టుకోండి!" అని బావగారు కేక పెట్టారు. పైపు ఊడి నీళ్లు జివ్వున చిమ్మాయి. అక్కయ్య గోడకు అతుక్కుపోయింది. నేనేం ఆలోచించలేదు. ఎదురెళ్లి మిషన్ను రెండు చేతులతో వాటేసుకున్నాను. ఇద్దరం కలిసి గుమ్మం దాకా జారాం. అప్పటికి వైరు బిగిసి ప్లగ్గు ఊడింది, రొద ఆగింది. నా చొక్కా నిండా పసుపు.

"ముట్టుకున్నాడే!" అని సుబ్బాయమ్మగారి గొంతు ఖంగుమంది.

"ముట్టుకోక? అరటిచెట్ల దాకా పోనివ్వనా?" నేనూ అరిచాను.

కానీ ఆవిడ అన్నది నిజమే. మడీ గిడీ లేకుండా ప్యాంటుతో ఉన్నవాణ్ని మిషన్ను ముట్టుకున్నాను. లోపలున్న చీర మైలపడిపోయింది. ఇన్నాళ్ల హడావుడీ, మొదటి చీరకే మంట కలిసింది.

బావగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇంక చాలు భాస్కరం. కరెంటు, నీళ్లు, ఇంత బరువు… అది గోడకేసి నొక్కితే ఏమయ్యేది? స్వామి నైవేద్యం కోసం నేను మనిషిని పోగొట్టుకోలేను. దేవకుమారికి ఇప్పుడే చెప్పేస్తాను, రేపటి నుంచి తనే వండుతుంది" అని గుమ్మం దాటారు.

అక్కయ్య కాదనలేదు. వంగి, ఊడిన పైపు తీసి గోడ పక్కన పెట్టింది. మిషను మీద పూలదండ సరిచేసింది. ఆ సరిచెయ్యడం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"చలపతీ, ఆగు" అంది ముసలావిడ. "గౌరిని కొనుక్కొచ్చిన రోజు ఏంచేసింది?"

ఆయన ఆగారు. "కట్టు తెంపుకుని కాలవగట్టు ఎక్కిందమ్మా."

"నిన్ను?"

"పొడిచింది."

"అమ్మేశామా?"

"లేదమ్మా."

"మరింకేం? కట్టెయ్యండి దీన్ని కూడా!"

త్రిమూర్తులు నా మొహం కేసి చూశాడు. నేను దూలానికి వేలాడుతున్న పలుపుతాడు కేసి చూశాను. మిషన్ను వెనక్కి తోసి, నాలుగు చక్రాలకూ ఇటుకలు బిగించి, గౌరి తాడుతో గౌరి గుంజకే రెండు చుట్లు చుట్టి కట్టేశాం. పైపు మళ్లీ తగిలించాడు త్రిమూర్తులు. బావగారు పసుపునీళ్లు చల్లి మళ్లీ శుద్ధి చేశారు. అక్కయ్య వెళ్లి తలమీద నీళ్లు పోసుకుని ఇంకో మడిచీరతో వచ్చింది.

"మగాళ్లందరూ బయటికి నడవండి. వరహాలూ, తలుపేసుకో" అంది ముసలావిడ, తనూ గుమ్మం దాటుతూ.

తలుపు పడింది. లోపల గడియ చప్పుడైంది. మేం నలుగురం అరటిచెట్ల మధ్య నిలబడ్డాం. ఉతికిన చప్పుడు వచ్చింది. నీళ్లు పారాయి. పిండే తొట్టి రొద మొదలైంది. బావగారు నా చెయ్యి పట్టుకున్నారు. లోపల గుంజ కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. రొద పెరిగి, ఒక స్థాయికొచ్చి, అక్కడే నిలబడింది. ఆ తర్వాత మెల్లగా తగ్గి ఆగిపోయింది.

ఎంతసేపటికీ తలుపు తెరుచుకోదే! "వరహాలూ!" అని పిలిచారు బావగారు. పలకలేదు. ఇంకోసారి పిలవబోతుండగా గడియ తీసింది. ఎడంచేతి మీద మడత వేసిన చీర.

"చుక్క నీరు లేదు భాస్కరం!" అంది, నవ్వుతూనే ఏడుస్తూ. "చూడు, ఎలా ఉందో!"

నేను చెయ్యి చాపాను.

"ముట్టుకోకు!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

మర్నాడు పొగమంచులో లేచి చూసేసరికి వంటింట్లోంచి పొంగలి వాసన వస్తోంది. అక్కయ్య పొడిచీరలో పొయ్యి ముందు నిలబడి ఉంది. నేను గడప అవతలే ఆగిపోయాను. పిలవలేదు. బావగారు గుడి నుంచి తెచ్చిన ప్రసాదం దొన్నె నిండా తిని రాజమండ్రి బస్సెక్కాను. కడుపూ నిండింది, మనసూ నిండింది. ఆ నెల్లాళ్లూ ఒక్క రోజు తప్పకుండా పొంగలి తనే వండింది. దగ్గు కూడా తగ్గింది.

రథసప్తమి దాటాక ఒకరోజు ద్రాక్షారామంలో పని ఉండి, దారిలో అక్కడ దిగాను. ఇల్లు యథాప్రకారం చుట్టాలతో కిటకిటలాడుతోంది. వెనక వరండాలో సుబ్బాయమ్మగారు పెరటి మెట్లకు అడ్డంగా కుర్చీ వేసుకుని, కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అక్కయ్యేదండీ?"

"మడిలో ఉంది. పాకలో మిషను తిప్పుతోంది. అటు వెళ్లకు."

నిలబడి చెవులు రిక్కించాను. అరటాకుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తలెత్తి చూస్తే వరండాలో ఫ్యాను ఆగిపోయి ఉంది.

"కరెంటు లేదు కదా అత్తయ్యగారూ?"

ఆవిడ నా కేసి ఒకసారి చూసింది. "కూర్చో" అని పక్కనున్న బల్ల చూపించింది. గొంతు తగ్గించింది.

"ఆవు పాలు పితకడానికి ఎంతసేపు పడుతుందిరా?"

"నాకేం తెలుసండీ? పావుగంటా?"

"అంతే. నేను గంట కూర్చునేదాన్ని. గౌరికి ముందు ఇంకో ఆవుండేది అప్పట్లో, ఉత్త సాధువు. దాని డొక్కకి ఆనుకుని కూర్చుంటే వెచ్చగా ఉండేది. ఇంట్లోంచి మా అత్తగారు ఒకటే పిలుపు. ఆవు ఇంకా చేపలేదండీ అనేదాన్ని. అది తనంతట తాను పొదుగు చేపందే పాలు దిగవు కదా, ఏం చేస్తుంది ఆవిడ మాత్రం?" కర్ర నేల మీద మెల్లగా తట్టింది. "ఇదీ నాలాంటిదే. ఎటొచ్చీ గౌరి పోయాక దీనికి ఆవు లేకపోయింది."

అందుకా అంత దూరం? అందుకా ఆ తలుపు?

"మరి కుక్కలొస్తాయన్నారు?" అన్నాను.

"వచ్చావుగా" అంది.

ఇంతలో లోపలి గదిలోంచి ఎవరో చుట్టం గొంతు, "వరహాలూ! ఏవమ్మా వరహాలూ! నా కళ్లజోడు ఎక్కడైనా చూశావా?" ముసలావిడ బదులివ్వడానికి నోరు తెరవబోయింది. నేను చెయ్యెత్తి ఆపాను. లేచి, లోపలికి వినపడేలా గట్టిగా అరిచాను.

"ఇక్కడ లేదండీ! మిషను తిరుగుతోంది!"